నాలుగు పేజీల స్కూలు

మొన్న సాయంత్రం మనవరాలు మంచం మీద కూర్చుని గోళ్ళకు రంగు వేసుకుంటోంది. సీసా మూత తీసిందో లేదో ఆ వాసన ఇల్లంతా పాకింది. పక్కగదిలో బట్టలు మడతపెడుతున్న నా చేతులు ఆగిపోయాయి. ఒక్క క్షణం నేను ఎక్కడున్నానో తెలియలేదు. నాకు ఆ వాసన అంటే గోళ్ళరంగు గుర్తుకు రాదు. స్టెన్సిల్ మీద తప్పులు దిద్దే ఎర్రమందు గుర్తుకొస్తుంది. దాని వెనకే స్కూలు ఆఫీసు గది, కిటికీ పక్కన నా టైపు మిషన్, గోడవారగా సైక్లోస్టైల్ మిషన్, గుమ్మం బయట బెంచీ మీద చెయ్యీ చెయ్యీ పట్టుకుని కూర్చున్న తల్లీకూతుళ్ళు, అన్నీ వరసగా వచ్చేస్తాయి.

ఇంట్లో నెలరోజులుగా నడుస్తున్న మాట కూడా అదే. మనవరాలిని వచ్చే ఏడు ఏ స్కూల్లో వెయ్యాలి? మా అబ్బాయి రోజుకో వీడియో చూస్తున్నాడు. అన్నిట్లోనూ అదే నీలిరంగు ఆకాశం, అదే నవ్వే పిల్లలు, పైనుంచి తీసిన అదే ఆటస్థలం. చివరికి కోడలే అడిగింది. "అత్తయ్యా, మీరు ఆ ఆడపిల్లల స్కూల్లోనే చదివారు, అక్కడే అన్నేళ్ళు పనిచేశారు. అసలు ఆ స్కూలు ఎలా ఉంటుందో మీరు చెప్పండి."

రెండు ముక్కల్లో చెప్పబోయాను. రాలేదు. ఆ స్కూలుని కొత్తవాళ్ళకు పరిచయం చెయ్యడమే నా ఉద్యోగంలో సగం. అయినా ఆ రోజు నోట మాట రాలేదు. రాత్రి నిద్ర పట్టక లేచి కూర్చుని రాయడం మొదలుపెట్టాను.

* * *

మా స్కూలు పరిచయ పత్రం నాలుగు పేజీలు. ఫోటోలు లేవు, రంగులు లేవు. ఏటా అడ్మిషన్లు మొదలయ్యే ముందు దాన్ని టైపు చేసి అచ్చు తియ్యడం నా పని.

సైక్లోస్టైల్ అంటే ఇప్పటివాళ్ళకు తెలియదు కాబట్టి చెబుతాను. స్టెన్సిల్ అని మైనం పూసిన పల్చటి కాగితం ఉండేది. దాన్ని మిషన్‌కి ఎక్కించి, రిబ్బన్ తగలకుండా మీట మార్చి, ఉత్త అచ్చులతోనే కొట్టాలి. అక్షరం పడ్డచోట మైనం తెగుతుంది. తర్వాత ఆ తెగిన సందుల్లోంచి సిరా కిందికి దిగి కాగితం మీద పడుతుంది. దెబ్బ మెల్లగా పడితే అక్షరం కనిపించదు. గట్టిగా పడితే సున్న మధ్యలో ఉన్న ముక్క ఊడిపోయి, కాగితం మీద గుండ్రటి నల్లమచ్చ పడుతుంది. తెలుగులో సున్నాలు తక్కువా? ప్రతి లైనులోనూ నాలుగైదు. వాటి దగ్గరికి వచ్చేసరికి వేలు దానంతటదే మెత్తబడేది. తప్పు పడితే ఎర్రమందు సన్న కుంచెతో రాసి, ఉఫ్ ఉఫ్ అని ఊది, ఆరాక మళ్ళీ కొట్టాలి. తొందరపడి తడిమీద కొట్టామో, కాగితం చిరిగి పేజీ అంతా మళ్ళీ మొదటికి.

పెద్ద టీచరుగారు పక్కన నిలబడి చెప్పేవారు. మేమందరం హెడ్‌మిస్ట్రెస్ గారిని అలాగే పిలిచేవాళ్ళం. ఆవిడ చెప్పే వాక్యాలు చిన్నవి. "ఈ స్కూలు ప్రభుత్వ గ్రాంటు తీసుకోదు. ట్రస్టు నడుపుతుంది. జీతాలు, మరమ్మతులు ఫీజుల నుంచే. లెక్కలు ఏడాదికోసారి తల్లిదండ్రుల ముందు చదువుతాం." అది మొదటి పేజీ. రెండో పేజీలో మాకున్నవి. మూడో పేజీలో మాకు లేనివి. అవును, లేనివాటికి ఒక పేజీ. ఈత కొలను లేదు, హాస్టల్ లేదు, సంగీతానికి ఒక్క టీచరే ఉన్నారు, పై అంతస్తు గదుల్లో ఎండాకాలం మధ్యాహ్నాలు వేడిగా ఉంటుంది. నాలుగో పేజీ ఖాళీ. పైన ఒక్క లైను మాత్రం ఉండేది: "మీరు అడగాలనుకున్నవి ఇక్కడ రాసుకుని రండి."

చేరిన కొత్తలో నాకు నచ్చేది కాదు. లేనివన్నీ చెబితే ఎవరు చేరతారండీ అని ఒకసారి అడిగేశాను. "చేరాక తెలిసేదే కదమ్మా. ముందు తెలిస్తే కోపం రాదు" అన్నారావిడ. అంతే, మళ్ళీ స్టెన్సిల్ వైపు చూశారు.

* * *

గంట గురించి చెప్పకపోతే, దాన్ని కొట్టే ఆయమ్మ ఆత్మ ఊరుకోదు.

వరండా చివర దూలానికి ఇనపగొలుసుతో వేలాడదీసిన ఇత్తడి గంట, పెద్ద పళ్ళెమంత. దానికో చెక్క సుత్తి. ఏళ్ళ తరబడి ఒకేచోట కొట్టడం వల్ల మధ్యలో చిన్న గుంట పడి, అక్కడ మాత్రం బంగారంలా మెరిసేది. పీరియడ్‌కి ఒక దెబ్బ, విరామానికి రెండు, అసెంబ్లీకి విడివిడిగా మూడు. సాయంత్రం లాంగ్ బెల్. మొదట మెల్లగా మొదలై, వేగం పెరిగి పెరిగి, చివరికి ఏకధారగా మోగేది. ఆ మోత ఆగకముందే మూడు అంతస్తుల మెట్ల మీద కాళ్ళ చప్పుడు మొదలయ్యేది. వందలమంది ఆడపిల్లలు ఒకేసారి మెట్లు దిగుతుంటే వచ్చే చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. వర్షం రేకుల మీద పడ్డట్టే ఉంటుంది, దాని మధ్యలో నవ్వులు కూడా వినిపిస్తుంటాయి.

ఆయమ్మకు చదువు రాదు. గడియారం చూడటం మాత్రం పెద్ద టీచరుగారు నేర్పారు. నన్ను "టైపమ్మా" అని పిలిచేది. నేను అక్కడ ఆరోక్లాసు చదివేటప్పుడు అదే మనిషి నన్ను "ఒసేయ్ జడలదానా" అనేది. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి పిలుపు మారింది, చనువు మారలేదు. ఏ పిల్ల ఆలస్యంగా వస్తుందో, ఎందుకు వస్తుందో ఆయమ్మకు తెలిసినట్టు క్లాసు టీచరుకు కూడా తెలిసేది కాదు. ఒక అమ్మాయి రోజూ పది నిమిషాలు లేటు. తమ్ముడిని ఇంకో స్కూల్లో దించి రావాలి. అది ఆయమ్మ కనిపెట్టి చెప్పాక, ఆ పిల్ల మొదటి పీరియడ్‌ను డ్రాయింగుకు మార్చారు. ఇలాంటివి ఏ పరిచయ పత్రంలోనూ రావు. వచ్చే చోటు కూడా లేదు.

* * *

కొత్తవాళ్ళకు స్కూలు చూపించడానికి వెళ్ళిన మొదటిరోజు నేను నేరుగా లైబ్రరీకి తీసుకెళ్ళాను. పెద్ద అద్దాల బీరువాలు, పొడుగు బల్లలు, నిశ్శబ్దం. చూడగానే ఎవరికైనా గౌరవం కలిగే గది. తిరిగొచ్చాక పెద్ద టీచరుగారు పిలిచి, "ముందు ఏం చూపించావు?" అని అడిగారు. చెప్పాను.

"రేపటి నుంచి ముందు బాత్‌రూములు చూపించు" అన్నారు.

నాకు సిగ్గు ముంచుకొచ్చింది. తండ్రులు కూడా ఉంటారు కదండీ అన్నాను. ఆవిడ కుర్చీ చూపించి కూర్చోమన్నారు. తను చదువుకున్న స్కూల్లో ఆడపిల్లలకు సరైన బాత్‌రూము లేదట. పొద్దున బయల్దేరిన దగ్గర్నుంచి సాయంత్రం ఇల్లు చేరేదాకా గుక్కెడు నీళ్ళు తాగకుండా కూర్చునేవారట. మధ్యాహ్నానికి తలనొప్పి. చివరి రెండు పీరియడ్లు లెక్కలు. "నాకు లెక్కలు రావని అందరూ అన్నారు. నాకు దాహం వేసేదమ్మా, అంతే" అన్నారు. పెద్దక్లాసుకు వచ్చాక నెలకు మూడునాలుగు రోజులు స్కూలుకే వెళ్ళేవారు కాదట. ఆవిడతో చదివిన వాళ్ళలో ముగ్గురు ఆ కారణానికే బడి మానేశారు. ఆ తర్వాత ఆవిడ చదివింది లెక్కలే, చెప్పిందీ లెక్కలే.

మర్నాటి నుంచి నా తిరుగుడు అక్కడే మొదలయ్యేది. లోపలి గడియ పనిచేస్తుందా, నీళ్ళు వస్తున్నాయా, మూత ఉన్న బుట్ట ఉందా అని తల్లులు చూసేవాళ్ళు. తండ్రులు మొదట్లో గుమ్మం బయట చెట్టు వైపు చూస్తూ నిలబడేవాళ్ళు. కానీ ఒక విషయం గమనించాను. అక్కడి నుంచి కదిలాక తల్లులు నాతో మాట్లాడే తీరు మారిపోయేది. అంతవరకు భర్త వెనక నడుస్తున్న ఆవిడ ముందుకొచ్చి పక్కన నడిచేది. నెమ్మదిగా అడిగేది. "మా అమ్మాయికి అప్పుడప్పుడు కడుపునొప్పి ఎక్కువ వస్తుందండీ. పడుకోవడానికి చోటుంటుందా?" ఉండేది. ఆఫీసు వెనక చిన్నగది, ఒక మంచం, వేడినీళ్ళ సంచి. తాళం ఆయమ్మ దగ్గర.

ఇన్నేళ్ళ తర్వాత కూడా నా నమ్మకం ఇదే. ఏ స్కూలు గురించైనా తెలుసుకోవాలంటే ముందు ఆ గదులు చూడాలి. తర్వాతే లైబ్రరీ.

* * *

మేడమెట్ల పక్కన పొడుగు గోడ. దాని నిండా బ్యాచ్ ఫోటోలు. కింది వరస బల్లల మీద కూర్చున్న టీచర్లు, వెనక మూడు వరసల పిల్లలు, చివరి వరసలో ఎప్పుడూ ఎవరో ఒకరు కళ్ళు మూసుకుని ఉంటారు. మొట్టమొదటి ఫోటోలో పదకొండుమందే ఉన్నారు. అద్దె ఇంట్లో రెండు గదుల్లో మొదలైన రోజులవి.

ఆ గోడ దగ్గర ఆగి పెద్ద టీచరుగారు కథ చెప్పేవారు. మా స్కూలు కథ కాస్త చెప్పి, అక్కడి నుంచి దూరం వెళ్ళిపోయేవారు. 1849లో కలకత్తాలో బెథూన్ అనే ఇంగ్లీషు అధికారి ఆడపిల్లల బడి 21 మందితో మొదలుపెట్టాడు. పిల్లల్ని ఇంటి నుంచి తీసుకొచ్చే గుర్రబ్బండి పక్కల మీద ఒక సంస్కృత వాక్యం రాయించారు. "కన్యాప్యేవం పాలనీయా శిక్షణీయాతియత్నతః." కొడుకుని పెంచినట్టే కూతుర్నీ పెంచాలి, ఎంతో శ్రద్ధగా చదువు చెప్పించాలి అని. ఆ బండి వీధివీధీ తిరిగేది. తిట్టేవాళ్ళు కూడా ఆ వాక్యం చదవక తప్పేది కాదు. మదన్‌మోహన్ తర్కాలంకార్ అనే పండితుడు తన ఇద్దరు కూతుళ్ళని ఆ బడికి పంపి ఎన్నో మాటలు పడ్డాడు. "ఆ బండే మన నాలుగు పేజీలమ్మా" అనేవారు నాతో. ఆ బడి తర్వాత కాలేజీ అయింది. అక్కడి నుంచే 1883లో కాదంబిని, చంద్రముఖి బసు పట్టభద్రులయ్యారు. మన దేశంలో డిగ్రీ అందుకున్న తొలి ఆడవాళ్ళు వాళ్ళే.

వచ్చినవాళ్ళలో పుస్తకాలు చదివే తండ్రి ఎవరైనా ఉంటే వీరేశలింగం గారు 1874లో ధవళేశ్వరంలో పెట్టిన బాలికల పాఠశాల మాట వచ్చేది. సావిత్రీబాయి ఫూలే 1848లో పూనాలో చదువు చెప్పడానికి వెళ్తుంటే దారిలో బురద చల్లేవారని, మార్చుకోవడానికి సంచిలో ఇంకో చీర పెట్టుకుని వెళ్ళేదని చెప్పేటప్పుడు మాత్రం ఆవిడ గొంతు మారేది. ఎన్నిసార్లు విన్నా నాకూ గొంతులో ఏదో అడ్డుపడేది.

అన్నిటికంటే ఇష్టంగా చెప్పేది మాత్రం లెక్కల కథ. ఇంగ్లండులో ఎమిలీ డేవిస్ అనే ఆవిడ పట్టుబట్టి, 1863లో కేంబ్రిడ్జి యూనివర్సిటీ స్కూలు పిల్లలకు పెట్టే స్థానిక పరీక్షలు ఆడపిల్లల చేత ప్రయోగంగా రాయించింది. పెద్దపిల్లల్లో చాలామంది లెక్కల్లో తప్పారు. చూశారా, ఆడవాళ్ళ బుర్రకు లెక్కలెక్కవు అన్నారు కొందరు. తప్పిన కారణం మాత్రం బుర్రలో లేదు. వాళ్ళకు అంతవరకు లెక్కలు సరిగా నేర్పినవాళ్ళే లేరు. ఫ్రాన్సెస్ బస్ లాంటి హెడ్‌మిస్ట్రెస్‌లు ఆ లోటు గుర్తించి లెక్కల చదువు గట్టిచేశారు. రెండేళ్ళలో పరిస్థితి మారింది. 1865 నుంచి ఆ పరీక్షలు ఆడపిల్లలకు అధికారికంగా తెరిచారు. ఈ కథ చెప్పాక ఆవిడ పక్కనున్న చిన్నపిల్ల వైపు వంగి, "నీకు లెక్కలు రావని ఎవరైనా అన్నారా?" అని అడిగేవారు. పదిమందిలో ఆరుగురు తల ఊపేవారు. ఒక్కోసారి అన్నది ఎవరో కూడా చూపించేవారు. నాన్న పక్కనే నిలబడి ఉండేవాడు.

* * *

ఒకసారి ఒక కుటుంబాన్ని ఫిజిక్స్ ల్యాబుకి తీసుకెళ్ళాను. లోపలికి అడుగుపెట్టగానే కరెంటు పోయింది. మిగతా స్కూల్లో ఉంది, ల్యాబులోనే లేదు. టీచరుగారు బల్ల దగ్గర్నుంచి కదల్లేదు. "ఎవరి వంతు?" అన్నారు. తొమ్మిదో క్లాసు అమ్మాయి లేచి స్టూలు లాక్కుని గోడ దగ్గరికి వెళ్ళింది. ఇంకో అమ్మాయి టార్చి పట్టుకుంది.

"అయ్యో, షాక్ కొడుతుందేమో!" అంది ఆ తల్లి.

"మెయిన్ ఆపేశానండీ" అంది ఆ పిల్ల వెనక్కి తిరక్కుండానే. పింగాణీ ఫ్యూజు లాగింది. కాలిపోయిన తీగ ముక్కలు ఊది పారేసింది. పెన్సిల్ బాక్సులోంచి ఫ్యూజు తీగ చుట్ట తీసి, ఒక పోగు తెంపి, ఒక స్క్రూకి చుట్టి బిగించి, గాడిలోంచి రెండో వైపుకి లాగి అక్కడా బిగించింది. మరీ బిగించి లాగలేదు, కాస్త వదులు ఉంచింది. ఎందుకని ఆ తండ్రి అడిగాడు. "గట్టిగా లాగితే తీగ సన్నబడుతుందండీ. ఊరికే పోతుంది" అంది. ఫ్యూజు పెట్టి, దిగి, చేతులు దులుపుకుని మెయిన్ వేసింది. లైట్లు వెలిగాయి. క్లాసులో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వాళ్ళకది మామూలే. పాఠం ఆగినచోటి నుంచి మొదలైంది.

ఆ స్కూల్లో బెంచీలు మోసేది, స్టేజీ కట్టేది, మైకు సెట్టు బిగించేది, స్కోరుబోర్డు ఎక్కి అంకెలు మార్చేది, అన్నీ అమ్మాయిలే. ఇది మీ పని కాదు అని పక్కకు జరపడానికి అక్కడ ఇంకెవరూ లేరు. నేను అక్కడ చదివిన రోజుల్లో నాకిది తెలియలేదు. పెళ్ళయి వెళ్ళిన ఇంట్లో మోటారు ఆగిపోతే నేను స్క్రూడ్రైవర్ అడిగినప్పుడు అందరూ నా వైపు చూశారే, అప్పుడు తెలిసింది.

* * *

తండ్రులు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "అంతా ఆడపిల్లల మధ్యే పెరిగితే రేపు కాలేజీలో, ఉద్యోగంలో మగవాళ్ళతో ఎలా నెగ్గుకొస్తుందండీ?" నిజాయితీ గల ప్రశ్నే. పెద్ద టీచరుగారు దీనికి గొప్పలు చెప్పేవారు కాదు. "కొందరికి మొదటి ఏడాది కష్టంగానే ఉంటుంది. తర్వాత అలవాటవుతుంది. మీ ఇంట్లో అన్నదమ్ములు, బాబాయిలు, మామయ్యలు ఉన్నారుగా, అక్కడ మీ అమ్మాయిని మాట్లాడనివ్వండి" అనేవారు.

రిటైరయ్యాక ఈ విషయం మీద కొంచెం చదివాను. 2014లో పరిశోధకులు 21 దేశాల్లో 16 లక్షల మంది పిల్లల మీద జరిగిన 184 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. కుటుంబ పరిస్థితుల వంటివి లెక్కలోకి తీసుకుని జాగ్రత్తగా పోల్చిన చోట, ఆడపిల్లల స్కూలుకీ అందరూ కలిసి చదివే స్కూలుకీ చదువు ఫలితాల్లో పెద్ద తేడా కనిపించలేదు. చదివినప్పుడు మనసు చివుక్కుమంది, ఒప్పుకుంటాను. తర్వాత ఆలోచిస్తే పెద్ద టీచరుగారి మూడో పేజీ గుర్తొచ్చింది. ఆవిడ బతికుంటే ఈ సంగతి కూడా ఆ పేజీలోనే టైపు చేయించేవారు. మగపిల్లలు లేకపోవడం ఒక్కటే ఏ స్కూలునూ మంచి స్కూలు చెయ్యదు. నేను చూసిన మంచి అంతా అక్కడి మనుషులు రోజూ పూనుకుని చేసిన చిన్నచిన్న పనుల వల్ల వచ్చింది.

ఉదాహరణకు ఫీజు రసీదులు. ఫీజు కట్టలేని పిల్లలకు ట్రస్టు కొన్ని సీట్లు ఇచ్చేది. ఆ పిల్లలు కూడా మిగతావాళ్ళలాగే అదే కిటికీ ముందు, అదే వరసలో నిలబడి, అదే పుస్తకంలోంచి అదే రంగు రసీదు తీసుకునేవారు. డబ్బు ఎక్కడి నుంచి జమ అయిందో లోపలి లెడ్జరులో తప్ప ఎక్కడా ఉండదు. ఆ లెడ్జరు రాసేది నేను. నాతో ఒకే బెంచీ మీద కూర్చుని చదివిన స్నేహితురాలి పేరు పాత లెడ్జరులో చూసేదాకా నాకూ తెలియదు. చూసిన రోజు పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చున్నాను. ఆమెకు ఇప్పటికీ చెప్పలేదు.

* * *

కొన్నేళ్ళకు నా బదులు పిల్లల చేతనే స్కూలు చూపించాలని నిర్ణయించారు. ఎనిమిదో క్లాసు నుంచి పేర్లు ఇమ్మన్నారు. గలగలా మాట్లాడే పిల్లల పేర్లు రాసిచ్చాను. పెద్ద టీచరుగారు ఆ జాబితా చదివి, చివర తనే ఒక పేరు చేర్చారు. ఆ అమ్మాయికి నత్తి. తరగతిలో లేచి పద్యం చెప్పాలంటేనే చెమటలు పట్టే పిల్ల. నాకు ఒకటే టెన్షన్. కొత్తవాళ్ళు ఏమనుకుంటారో అని వాళ్ళ వెనకాలే కొంచెం దూరంలో నడిచాను.

ఆ అమ్మాయి మెల్లగానే చూపించింది. బాత్‌రూములు, ల్యాబు, ఫోటోల గోడ. మాట ఆగినచోట తనూ ఆగేది. మళ్ళీ మొదలుపెట్టేది. వచ్చిన కుటుంబంలో ఒక పెద్దావిడ, పాపం మంచి మనసుతోనే, ప్రతిసారీ ఆ పిల్ల వాక్యాన్ని తను పూర్తి చేస్తోంది. "లై... లై..." అంటే "లైబ్రరీనా అమ్మా?" అని. మూడు నాలుగుసార్లు అయ్యాక ఆ అమ్మాయి నిలబడి ఆవిడ వైపు తిరిగింది.

"ఇ... ఇక్కడ ఎవరూ నా మాట పూర్తి చెయ్యరండీ. ఆ... ఆగుతారు."

కోపం లేదు, ఏడుపు లేదు. బాత్‌రూములు ఇటు అని చెప్పినంత మామూలుగా చెప్పింది. మా స్కూల్లో అదొక నియమం. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు ఆ వాక్యం అందుకోకూడదు. టీచరైనా సరే. నేను చదివిన రోజుల నుంచీ ఉన్నదే. కానీ దాన్ని ఎప్పుడూ పరిచయ పత్రంలో రాయలేదు. రాయాలని తోచనంతగా అలవాటైపోయింది.

ఆ కుటుంబం మర్నాడే అడ్మిషన్ ఫారం నింపి ఇచ్చింది. ఆ పెద్దావిడ నాలుగో పేజీలో ఒక్క ప్రశ్న రాసింది: "మా మనవరాలు కూడా తొందరగా మాట్లాడదు. ఆగుతారా?"

* * *

ఒక సంగతి రాయకపోతే మిగతాదంతా అబద్ధమవుతుంది. పెద్ద టీచరుగారు రిటైరయ్యాక కొత్త కమిటీ వచ్చింది. నాలుగు పేజీలు పోయి, మెరిసే కాగితం మీద రంగుల పుస్తకం వచ్చింది. ర్యాంకులు వచ్చిన పిల్లల ఫోటోలు. మూడో పేజీ తీసేశారు. పాత పత్రంలో ఒక లైను ఉండేది: "తప్పిన పిల్లను స్కూలు పంపించెయ్యదు. ఇంకో ఏడాది కూర్చోబెట్టి చెబుతుంది." ప్రెస్సుకు పంపే ప్రతిలో ఆ లైను కొట్టెయ్యమని నాతోనే చెప్పారు. కొట్టేశాను. ఒక్కమాట కూడా అనలేదు. ఎర్రమందు అక్కర్లేని రోజులు, ఒక మీట నొక్కితే పోయింది. ఆ ఏడు పదో క్లాసులో వెనకబడ్డ ఇద్దరు పిల్లలకు టీసీలు టైపు చేసిందీ నేనే. ఒకమ్మాయి ఫోటోల గోడ దగ్గర నిలబడి, వాళ్ళ అమ్మ చదివిన బ్యాచ్ ఫోటో వంక చూస్తూ ఉండిపోయింది. ఆ బొమ్మ నా కళ్ళముందు నుంచి పోలేదు. తర్వాత కొన్నేళ్ళకు కమిటీ మళ్ళీ మారింది, ఆ లైను తిరిగొచ్చింది. వెళ్ళిపోయిన ఇద్దరూ తిరిగి రాలేదు.

ఆయమ్మ పోయింది కూడా ఆ రోజుల్లోనే. అప్పటికే కరెంటు బెల్లు పెట్టేశారు.

* * *

శనివారం అందరం వెళ్ళాం. గేటు కొత్తది. చెట్టు పాతదే. ఆఫీసు గదిలో నా కిటికీ పక్కన కంప్యూటరు ముందు ఒక అమ్మాయి కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి నిలబడబోతే వద్దన్నాను.

ఎనిమిదో క్లాసు పిల్ల ఒకతి మమ్మల్ని తిప్పింది. ముందు బాత్‌రూములే. మా అబ్బాయి గుమ్మం బయట చెట్టు వైపు చూస్తూ నిలబడ్డాడు. కోడలు నా వైపు చూసి చిన్నగా నవ్వింది.

చివర ప్రిన్సిపాల్ గది. ఆవిడ చిన్నవయసు మనిషి, మా స్కూల్లో చదివిన అమ్మాయే. మాతో రెండు మాటలు మాట్లాడి, మనవరాలి వైపు తిరిగి, "నువ్వేమైనా అడుగుతావా?" అంది.

మా పిల్ల నోరు విప్పలేదు. కాళ్ళు ఊపుతూ బల్ల మీది పేపర్‌వెయిట్ వంక చూస్తోంది. గోడ గడియారం చప్పుడు వినిపిస్తోంది. మా అబ్బాయి "తనకి..." అని మొదలుపెట్టాడు. ప్రిన్సిపాల్ అరచెయ్యి కొద్దిగా పైకెత్తింది. మా వాడు ఆగిపోయాడు. ఆవిడ తొందరపెట్టలేదు, నవ్వి ఊరుకోలేదు, ఇంకో ప్రశ్న వెయ్యలేదు. ఉత్తినే ఆగింది. నేను నా ఒడిలో చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

"మా నానమ్మ చెప్పిన గంట ఎక్కడుంది?" అంది మనవరాలు.

వరండా చివరే ఉంది. గొలుసు మార్చారు. మధ్యలో ఆ గుంట మెరుపు తగ్గింది గానీ, చెయ్యి పెడితే వేలికి తగులుతోంది. ఒక్కసారి కొట్టచ్చా అని మా పిల్ల అడిగింది. క్లాసులు జరుగుతున్నాయి, ఆఖరి పీరియడ్ అయ్యాక కొట్టచ్చు అంది మమ్మల్ని తిప్పిన అమ్మాయి. ఇంకా నలభై నిమిషాలుంది. మా అబ్బాయి టైము చూసుకున్నాడు. తర్వాత వెళ్ళి వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. మేమూ కూర్చున్నాం.